పేట గుడి, ఊరి శాంతి

రావులపాలెం నుంచి కాలువ గట్టు పట్టుకుని ఆత్రేయపురం వైపు వెళ్తే ముందు లొల్ల లాకులు వస్తాయి, ఆ పైన బొబ్బర్లంక. మధ్య డెల్టా కాలువకు తల అక్కడే ఉంది. కోనసీమ వరి చేలకు, కొబ్బరి తోటలకు, మన రావులపాలెం అరటి తోటలకు నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టించిన కాటన్ దొరకు మన ఊళ్లలో విగ్రహాలున్నాయి, దండలు వేస్తాం, వేయాలి కూడా. ఆ ఆనకట్టకు రాయి మోసినవాళ్ల పేర్లు, కాలువలకు మట్టి తవ్వినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా రాసిలేవు. వాళ్లలో మాల మాదిగ పేటల జనం చాలామంది. సామాజిక న్యాయంలో, శాంతి నెలకొల్పడంలో క్రైస్తవ సంఘాల పాత్ర ఏమిటన్నది ఇవాళ్టి విషయం. మన ప్రాంతం వరకు ఆ కథ ఆ మట్టి తట్టల దగ్గరే మొదలైంది.

1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ అనే ఊరి నుంచి ఇద్దరు యువకులు భార్యలతో సహా మన దేశం వచ్చారు. ఒకరు విలియం బౌడెన్, ఇంకొకరు జార్జి బీర్. పెద్ద చదువులు, హోదాలు ఉన్నవాళ్లు కారు. వెనక జీతమిచ్చే మిషన్ సొసైటీ కూడా లేదు. మచిలీపట్నంలో తెలుగు నేర్చుకుని నర్సాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పని మొదలుపెట్టారు. దాన్నే తరవాత గోదావరి డెల్టా మిషన్ అన్నారు. ఇవాళ కోనసీమలో ఊరూరా కనిపించే బ్రదరన్ సంఘాలకు మూలం అదే. ఏళ్ల తరబడి వాళ్ల మాట విన్నవాళ్లున్నారు గానీ చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆనకట్ట పని మొదలయ్యాక బౌడెన్ ఆ కూలీల మధ్యకు వెళ్లి మాట్లాడారు. డెల్టా పేటల నుంచి తొలి విశ్వాసులు ఎక్కువమంది ఆ కూలీల్లోంచి వచ్చారు. పని ముగిసి ఎవరి ఊరికి వాళ్లు వెళ్లినప్పుడు ఆ విశ్వాసాన్ని వెంట తీసుకెళ్లారు.

వాళ్లకు ఆ రోజుల్లో సంఘం ఏమిచ్చింది? ఒక్కసారి ఆలోచించండి. ఊరి చెరువులో దిగే వీలు లేదు. గుడిలోకి రానివ్వరు. వీధిబడి అరుగు మీద కూర్చోనివ్వరు. పెద్దకాపు ఎదురైతే చెప్పులు చేతపట్టుకుని పక్కకు తప్పుకోవాలి. అలాంటి మనిషికి పేటలోనే ఒక తాటాకు పాక వేసి, చాప పరిచి, కూర్చో అన్నారు. ఆ చాప మీద పిల్లవాడు పుస్తకం తెరిచి అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ఆడవాళ్లు అందరి ముందూ నిలబడి ప్రార్థన చేశారు, పాట ఎత్తుకున్నారు. ఊరు మొత్తం ఒరే అని పిలిచే మనిషిని ఆదివారం పూట బ్రదర్ అన్నారు. సామాజిక న్యాయం అనే మాట అప్పటికి ఎవరి నోటా లేదు. అయినా ఆ చాప మీద జరిగింది అదే.

దానధర్మాలు ఈ నేలకు కొత్తవేమీ కావు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళ కాని వేళల్లో కూడా ఆకలన్నవారికి వండి పెట్టారు. ఇప్పుడు గన్నవరం దగ్గర వైనతేయ మీదున్న అక్విడక్టుకు ఆ తల్లి పేరే పెట్టుకున్నాం. అన్నం పెట్టడం ఎంత గొప్పదో, పక్కన కూర్చోబెట్టుకోవడం అంత కష్టమైన పని. రెండోదానికి చాలా కాలం ఊరు సిద్ధంగా లేదు. సంఘం ఆ పని తలకెత్తుకుంది కాబట్టే పేట దాన్ని తనది అనుకుంది.

ఒంగోలు ప్రాంతంలో జరిగిన సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1876లో ధాత కరువు మొదలైంది. కరువు పనుల దగ్గర మేస్త్రీలు మాదిగ కూలీలను తిట్టి కొట్టి, కూలిలో కోత పెట్టేవారు. జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని తానే కాంట్రాక్టు తీసుకున్నారు. తన మనుషులనే మేస్త్రీలుగా పెట్టి, చేసిన పనికి పూర్తి కూలి ఇచ్చారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తీరాక, 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ సంఖ్యను అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ కాలువ కాంట్రాక్టే పెద్దగా కనిపిస్తుంది. జాలిపడి గంజి పోయించవచ్చు. ఆయన కూలి ఇప్పించారు.

ఇక మన కాలానికి వద్దాం.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. మంచినీళ్ల చెరువు దగ్గర ఒక దళిత స్త్రీ అన్యాయానికి ఎదురుచెప్పి బిందె ఎత్తడంతో మొదలైన గొడవ అది. బతికినవాళ్లు ఊరు విడిచి పొలాలకు అడ్డంపడి చీరాల చేరారు. ఎక్కడికి వెళ్లారో తెలుసా? చర్చి కాంపౌండుకు. ఆ కాంపౌండులో వంటలు చేసుకున్నారు, చంటిపిల్లలను పడుకోబెట్టారు. వాంగ్మూలాలు అక్కడ రాశారు, ఊరేగింపులు అక్కడ బయల్దేరాయి. దళిత మహాసభ ఆ శిబిరం చుట్టూ జరిగిన పోరాటంలోంచే పుట్టింది. దానికి నాయకత్వం వహించిన బొజ్జా తారకం గారు మన కోనసీమ మనిషి, కందికుప్పలో పుట్టారు. కారంచేడు ఘటనకు నిరసనగా హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని వదిలేశారు. ఆయన సంఘం మనిషి కారు, ఆయన దారి వేరు. అయినా ఆ రోజుల్లో ఆయన, ఆయనలాంటివాళ్లు నిలబడి మాట్లాడింది చర్చి ప్రాంగణంలోనే. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అప్పుడూ అంతే. బాధితులు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ప్రాంగణంలో తలదాచుకున్నారు. ఆ కేసు విచారణకు చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది.

ఈ రెండు ఘటనల్లోనూ పోలీసు స్టేషనుకు వెళ్లాలంటే జనం భయపడ్డారు. ఊళ్లో తలుపులు మూసుకున్నాయి. తెరిచి ఉన్నది సంఘం గేటు ఒక్కటే. అది చిన్న విషయం కాదని ఈ మాట వింటున్న ప్రతి పాస్టరుకూ, ప్రతి సంఘ పెద్దకూ మనవి చేస్తున్నాను. మన కాంపౌండు గోడల గురించి, ఆ స్థలం ఎవరి పేరున ఉందన్న గొడవల గురించి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతున్నామే, ఆ స్థలం ఏ పనికి వచ్చిందో మరిచిపోయాం.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ అని పేరు పెట్టే ప్రతిపాదనతో ప్రకటన వచ్చింది, అభ్యంతరాలుంటే చెప్పమని గడువిచ్చారు. మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మంత్రి ఇల్లు, శాసనసభ్యుడి ఇల్లు తగలబెట్టారు. బస్సులు తగలబడ్డాయి. పోలీసులకు గాయాలయ్యాయి. ఇంటర్నెట్టు దాదాపు రెండు వారాలు ఆగిపోయింది. ఇంటి నుంచి కంప్యూటరు పని చేసుకునే పిల్లలు సిగ్నలు కోసం గోదావరి ఒడ్డుకు, పక్క జిల్లాలకు పరుగులు తీశారు. ఎస్సీ జనాభా వంతు ఇంత ఎక్కువగా ఉన్న జిల్లా రాష్ట్రంలో అరుదు. అమలాపురం లోక్‌సభ స్థానం, అమలాపురం, రాజోలు, పి.గన్నవరం శాసనసభ స్థానాలు ఎస్సీలకు రిజర్వు చేసినవి. రాజ్యాంగం రాసిన మనిషి పేరు అలాంటి జిల్లాకు పెడతామంటే ఇళ్లు తగలబడ్డాయి. ఆ గాయం పేటల్లో ఎంత లోతుకు దిగిందో బయటివాళ్లకు తెలియదు.

అది అక్కడితో ఆగలేదు. ఆ జూలైలోనే మన రావులపాలెం మండలం గోపాలపురంలో ఇంకొకటి జరిగింది. హోటల్లో పలహారం పెట్టే కాగితపు ప్లేట్ల మీద అంబేడ్కర్ బొమ్మ అచ్చయి ఉండడం చూసి దళిత యువకులు అడిగారు, గొడవైంది. చివరికి అడిగిన కుర్రాళ్లనే అరెస్టు చేశారు. సరిగ్గా ఆ నెల మధ్యలో గోదావరి పోటెత్తింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి. మే నెలలో ఒకరినొకరు చూసుకుని మొహం తిప్పుకున్నవాళ్లు జూలైలో ఒకే ఏటిగట్టు మీద, ఒకే టార్పాలిన్ కింద పడుకోవలసి వచ్చింది. వరద తీశాక ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. కలిసి పడుకున్న ఆ రాత్రులను పట్టుకుని మాట కలిపే మనిషి మనకు లేకపోయాడు. నా బాధంతా అక్కడే.

ఆ ఏడాది సంఘాలు ప్రార్థనలు చేశాయి. ఉపవాస కూటాలు పెట్టాయి. అది చేయవలసిందే. అయితే అంతకుమించి చేయగలిగాయా అంటే, చాలా చోట్ల లేదు. ఎందుకు చేయలేకపోయాయో మాట్లాడుకోవాలి.

మన సంఘం పేటలో ఉంది. అది దాని బలం, దాని చిక్కు కూడా. ఇల్లు తగలబడినవాడు పరుగెత్తుకొచ్చి తలదాచుకోవడానికి అది సరైన చోటు. కానీ కొట్టినవాడు, కొట్టించుకున్నవాడు కలిసి కూర్చుని మాట్లాడుకోవాలంటే ఊరివాళ్లు అక్కడికి రారు. వాళ్ల దృష్టిలో అది పేటవాళ్ల గుడి. క్రిస్మస్‌కు కేకు పంపితే తీసుకుంటారు, సర్పంచి గారు వచ్చి స్టేజీ మీద రెండు మాటలు చెప్పి వెళ్తారు. ఆ తరవాత మళ్లీ ఏడాదికే. కాబట్టి పాస్టరును మధ్యవర్తి అనడానికి లేదు, ఆయన కూడా ఒక పక్షం మనిషే. దెబ్బతిన్న పక్షం మనిషి. ఇది ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా శాంతి శాంతి అంటే ఏమవుతుందో చెబుతాను.

ఏదో ఒక ఊళ్లో ఒక కుర్రాణ్ణి కులం పేరుతో తిట్టి కొట్టారనుకోండి. అదే రాత్రి తొమ్మిది దాటాక రెండు మోటారు సైకిళ్లు పాస్టరు గారి వరండా ముందు ఆగుతాయి. దిగినవాళ్లు మంచివాళ్లలాగే మాట్లాడతారు. "పాస్టరు గారూ, మీరు చెబితే వాళ్లు వింటారండి. కుర్రాళ్లు తొందరపడ్డారు, మేం కాదనటం లేదండి. కేసులంటే ఇద్దరికీ నష్టమే కదండి. ఏదో ఖర్చులకి ఇప్పిస్తాం. క్షమించమని మీ గ్రంథంలోనే ఉంది కదండి." పాస్టరు గారి భార్య లోపల గుమ్మం దగ్గర నిలబడి వింటూ ఉంటుంది. ఆయన ఉండే ఇంటి దారి వాళ్ల చేను పక్క నుంచే. సంఘంలో సగంమంది వాళ్ల తోటల్లో కొబ్బరి దింపులకో, అరటి గెలలు మోయడానికో వెళ్లేవాళ్లే. తెల్లారి పనికి పిలవకపోతే పొయ్యి వెలగదు. పశ్చిమ గోదావరి గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం దగ్గర మొదలైన తగాదాలో దళితులను వెలివేసి పనులు ఆపేశారు కదా, ఆ భయం ప్రతి పేటలోనూ ఉంది. అందుకని మరునాడు పొద్దున్నే పాస్టరు గారు ఆ కుర్రాడి ఇంటికి వెళ్లి, అతని తల్లికి ప్రార్థన చేసి, రాజీపడమ్మా అంటారు. ఆ తల్లికి ఇక అడగడానికి ఎవరూ మిగలరు.

ఇలా రాజీ కుదిర్చినచోట ఊరు ప్రశాంతంగానే కనిపిస్తుంది. కానీ ఆ కుర్రాడు సంఘానికి రావడం మానేస్తాడు. సంఘం తన పక్కన నిలబడలేదని అతనికి తెలుసు. నేను ఏ పాస్టరునూ తప్పుపట్టడం లేదు. ఆయన జీతం ఎంతో, ఆయన మీద ఒత్తిడి ఎంతో నాకు తెలుసు. కానీ ఈ ఒక్క పని మాత్రం సంఘం చేయకూడదు. 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరాన్ని ఊరి పెద్దలు కూర్చుని మాఫీ చేసేందుకు వీల్లేదు. ముందస్తు విచారణ పేరుతో ఫిర్యాదును పక్కన పెట్టడానికి కూడా లేదు, 2018 సవరణ ఆ సంగతి స్పష్టంగా చెప్పింది. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. బాధితుడికి రావలసిన పరిహారంలో కొంత భాగం ఎఫ్‌ఐఆర్ దశలోనే, మరికొంత చార్జిషీటు దశలో ఇవ్వాలి. ఈ సంగతులు తెలిసిన మనిషి సంఘానికి ఒక్కరుండాలి. పాస్టరు గారు ఆ తల్లితో పాటు స్టేషనుకు వెళ్లాలి, ఎఫ్‌ఐఆర్ నకలు చేతికి వచ్చేదాకా బల్ల మీద కూర్చోవాలి. ఆ నకలు ఉచితంగా ఇవ్వవలసిన కాగితం. క్షమించే హక్కు ఆ తల్లిది, ఎప్పుడు క్షమించాలో ఆమే చెప్పాలి. ఆమె తరఫున వేరేవాళ్లు ఆ మాట ఇచ్చేయకూడదు.

కేసు పెట్టాక శాంతి పని అవసరం లేదా అంటే, అసలు పని అప్పుడే మొదలవుతుంది. కేసు కోర్టులో ఏళ్లు నడుస్తుంది. ఈలోగా ఆ ఊళ్లో అందరూ బతకాలి. అదే రైతు, అదే కూలీ, అదే కిరాణా కొట్టు, అదే బడి. కూలి పనులు ఆగకుండా, పాలు ఆపకుండా, బడిలో పిల్లలను విడిగా కూర్చోబెట్టకుండా చూసేందుకు ఊరివైపు నుంచి ఇద్దరు, పేటవైపు నుంచి ఇద్దరు వారానికొకసారి కలవాలి. పంచాయతీ ఆఫీసులో కలవవచ్చు, బడిలో కలవవచ్చు. చర్చిలోనే కలవాలని లేదు.

ఇక్కడ చట్టం పెట్టిన మెలిక ఒకటుంది. దాని మాట ఎత్తకుండా క్రైస్తవుల సామాజిక న్యాయం గురించి మాట్లాడలేం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు మొదట హిందువులకే ఇచ్చారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లను బీసీ సీ కింద పెట్టి ఒక శాతం రిజర్వేషను ఇచ్చారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ తేడా తీసేయమని 2007లో చెప్పింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో మన శాసనసభ కూడా దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు క్రైస్తవంలోకి మారిన వ్యక్తికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది. ఆ కేసులో ఫిర్యాదు చేసింది ఒక పాస్టరు.

దీని ఫలితం ఇంటింటా కనబడుతుంది. ఆదివారం ఆరాధనకు వెళ్లే మనిషి సోమవారం అర్జీలో హిందూ మాల అనో హిందూ మాదిగ అనో రాస్తాడు. అందుకే 2011 జనాభా లెక్కల్లో రాష్ట్రంలో క్రైస్తవులు ఒకటిన్నర శాతం కూడా లేరు. అబద్ధాలకోర్లని వాళ్లను వెక్కిరించడం సులువు. కొట్టేవాడు వీడు ఏ గుడికి వెళ్తాడని అడిగి కొట్టడు. పేట చూసి, కులం చూసి కొడతాడు. దెబ్బ కులం పేరు మీద పడి, రక్షణ మాత్రం మతం పేరు మీద పోతే ఆ మనిషి ఏం చేయాలి? సంఘాలన్నీ కలిసి గట్టిగా నిలబడవలసిన ప్రశ్న ఇది. లూథరన్లు, బాప్టిస్టులు, బ్రదరన్, పెంతెకొస్తు, కాథలిక్కులు వేరువేరుగా గుడారాలు వేసుకున్నంత కాలం ఈ ప్రశ్న ఢిల్లీ దాకా వినబడదు.

అయితే బయటి న్యాయం అడిగే నోటితో లోపలి సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకే ఊళ్లో మాలలకో చర్చి, మాదిగలకో చర్చి ఎందుకున్నాయి? మిషనరీలు వచ్చిన దారులు వేరైనందువల్ల మొదట్లో అలా జరిగిందనుకుందాం. నూరేళ్లు దాటాక కూడా పెళ్లి సంబంధం దగ్గర, పెద్దల ఎన్నికల దగ్గర ఎందుకు కనబడుతోంది? కులం నుంచి తప్పించుకోవడానికి కట్టుకున్న గుడిలో కులం కూర్చుంటే ఊరివాళ్లను అడిగే హక్కు మనకు తగ్గిపోతుంది. ఆడవాళ్ల సంగతీ అంతే. ఆరాధనలో మూడొంతులు వాళ్లే, తీర్మానాలు చేసే కుర్చీలో మాత్రం కనబడరు. కర్నూలు జిల్లాలో పుట్టిన ఇ. పుష్పలలిత గారు 2013లో దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్ అయ్యారు, నంద్యాల అధ్యక్ష మండలానికి. 2022లో పూల ఆంథొనీ గారు కార్డినల్ అయ్యారు, ఆ స్థానానికి చేరిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు. ఇవి గర్వపడవలసిన సంగతులు. పేట సంఘం కమిటీలో ఒక దింపు కార్మికుడి భార్య కూర్చున్న రోజున ఇంకా గర్వపడవచ్చు.

సంఘం తలచుకుంటే ఎంత చేయగలదో, తలచుకోకపోతే ఎంత ముప్పు తేగలదో చూపించే ఉదాహరణలు రెండున్నాయి. నాగాలాండులో ఏళ్ల తరబడి తుపాకులు పేలుతుంటే అక్కడి బాప్టిస్టు సంఘాల మండలి చొరవతో 1964లో శాంతి బృందం ఏర్పడింది. అందులో జయప్రకాశ్ నారాయణ్, అస్సాం ముఖ్యమంత్రి చలిహా, మైఖేల్ స్కాట్ అనే ఇంగ్లీషు పాదిరి ఉన్నారు. ఆ సెప్టెంబరులో కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. సంఘం ఒంటరిగా వెళ్లలేదు చూడండి, సర్వోదయ నాయకుణ్ణి, ప్రభుత్వం మనిషిని పక్కన పెట్టుకుని వెళ్లింది. రెండోది రువాండా. జనాభాలో ఎక్కువమంది క్రైస్తవులే అయిన ఆ దేశంలో 1994లో టుట్సీలు ప్రాణభయంతో చర్చిల్లోకి పరుగెత్తారు. న్యమాటా లాంటి చోట్ల ఆ చర్చిల్లోనే వేల మందిని నరికారు. జాతి భేదాన్ని సంఘం ఏళ్ల తరబడి చూసీ చూడనట్టు ఊరుకుంటూ వచ్చింది. ఆ రోజున చర్చి గేటు ఎవరినీ కాపాడలేకపోయింది.

రావులపాలెం మాట చెప్పి ముగిస్తాను. 2023 మార్చిలో అమలాపురం అల్లర్ల కేసుల విషయంలో ప్రభుత్వం కులపెద్దలను కూర్చోబెట్టి, కేసులు ఎత్తివేస్తామంది. పైనుంచి వచ్చిన సర్దుబాటు అది. కింద, ఊరి స్థాయిలో, ఇల్లు పోయినవాడి మాట, కేసుల్లో ఇరుక్కున్న కుర్రాడి తల్లి మాట ఒకేచోట విన్నవాళ్లు లేరు. మనకు అరటి మార్కెట్టు ఉంది. తెల్లవారుజామున గెలలు దిగేచోట అన్ని కులాలవాళ్లూ ఉంటారు. పండించిన రైతు, మోసే కూలీ, కొనే వ్యాపారి, లారీ డ్రైవరు ఒకే లోటాలోంచి టీ పోసుకుంటారు. మాట కలపడానికి మనకు చోటు లేదనడం కుదరదు.

అక్కడ మాట్లాడుకోవడానికి ముందు పెట్టుకోదగిన విషయం ఒకటి నాకు తోస్తోంది. అది శ్మశానం. మన లంక ఊళ్లలో పేటవాళ్లకు సమాధుల స్థలం లేనివి, ఉన్నా దారి లేనివి చాలా ఉన్నాయి. వానాకాలంలో పెట్టె భుజానికెత్తుకుని మోకాలిలోతు బురదలో చేను గట్టు మీద నడుస్తారు. చేను రైతుది. వరి తొక్కుతున్నారని ఆయన అరుస్తాడు, శవం ముందు అరిచాడని వీళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. ఆయన బాధలోనూ కొంత న్యాయం ఉంది, మొక్క పోతే ఆయనకు నష్టమే. పది అడుగుల దారి సర్వే చేయించి, ఆ రైతుకు పరిహారం ఇప్పిస్తే తీరిపోయే తగాదా ఇది. మండలంలోని పాస్టర్లందరూ కలిసి, ఏ పేటకు స్థలం లేదో, ఏ స్థలానికి దారి లేదో, సర్వే నంబర్లతో సహా ఒక కాగితం మీద రాయాలి. ప్రతి సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. ఆ అర్జీ పట్టుకుని అమలాపురం వెళ్లే రోజున పాస్టర్లతో పాటు, ఆ దారి పోయే చేలున్న రైతుల్లో ఒకరు సంతకం పెట్టి, బస్సెక్కి రావాలి. ఆ రైతును ఒప్పించడానికి ఆయన ఇంటికి ఎన్నిసార్లు వెళ్లవలసి వచ్చినా వెళ్లండి.